అడ్వాన్స్ లెక్క వేశారు, మూడో నెల కిరాయి లెక్క?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. ఉప్పల్‌లో గోదాం సూపర్‌వైజర్‌ని. చేతికి 24,000 వస్తది. ఊళ్లో నాన్న పేరిట రెండెకరాలు. జూన్‌లో భార్యను, ఇద్దరు పిల్లలను తెచ్చుకోవాలి. కిరాయి 8,000. దగ్గర 40,000 ఉన్నయి. అడ్వాన్స్, ఫీజులు, బండి, ఫ్రిజ్ కోసం తెలిసినాయన దగ్గర మూడు రూపాయల మిత్తికి 2 లక్షలు తేవచ్చా?

జవాబు: తేవద్దు. 2 లక్షలకు మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 6,000. ఏడాదిలో 72,000 కట్టాక కూడా నోటు మీద 2 లక్షలు అట్లనే ఉంటాయి. కిరాయి, మిత్తి పోను నలుగురి బతుకుకు మిగిలేది 10,000. మూడో నెలలో ఎవరికైనా జ్వరమొచ్చి నాలుగు రోజుల జీతం కోతపడితే, ఈ మిత్తి కట్టడానికి ఇంకో నోటు రాస్తారు.

పట్నం వచ్చేవాళ్లు సామాను దించే రోజు ఖర్చే చూస్తారు. ఊళ్లో ఇంటి బియ్యం, పెరట్లో కూరగాయలు, పిల్లలను చూసుకునే నాయనమ్మ, ఇవేవీ ఖర్చు కింద కనబడవు. ఇక్కడ నీళ్ల క్యాన్ కూడా కొనాలి. బతుకమ్మకు, పెళ్లికి, చావుకు ఊరికి పోయి రావాలి. మీ లెక్క ఇలా ఉంటుంది: కిరాయి 8,000, సరుకులు, పాలు, కూరగాయలు 7,000, కరెంటు, గ్యాస్, ఫోన్లు 2,000, పిల్లల ఆటో, పుస్తకాలు, మందులు 3,000. మొత్తం 20,000. మూడు నెలలకు 60,000. ఈ 60,000 వేరే ఖాతాలో పడ్డాకే కుటుంబాన్ని దించండి. ఆ ఖాతాను ఫోన్ చెల్లింపులకు కలపొద్దు. చిట్టీని ఈ నిధి అనుకోవద్దు, అవసరమైన రోజే పాట మీకు దక్కుతుందని లేదు.

వచ్చే జూన్ దాకా ఆగండి. నెలకు 5,000 పక్కన పెడితే మీ 40,000 లక్షవుతుంది. 60,000 ముట్టకుండా మిగతా 40,000తో అడ్వాన్స్, మొదటి విడత ఫీజు వెళ్లిపోతాయి. గోదాంకు నడిచిపోయే దూరంలో ఇల్లు చూస్తే బండి అక్కర్లేదు. ఫ్రిజ్ తర్వాత. రేషన్ కార్డు ఊరిదైనా ఉప్పల్ డీలర్ దగ్గర వేలిముద్ర వేసి సన్నబియ్యం తీసుకోవచ్చు. మనిషికి 6 కిలోల లెక్కన కార్డులో నలుగురుంటే 24 కిలోలు. ఈ జూన్‌లోనే తప్పదంటే బంగారం బ్యాంకులో పెట్టండి, మిత్తి నూటికి రూపాయి లోపే పడుతుంది. అదీ అడ్వాన్స్‌కు, ఫీజుకు మాత్రమే.

బీమా సంగతి. రైతు బీమా 5 లక్షలు పట్టాదారుకే, అదీ 59 ఏళ్ల దాకే. పట్టా నాన్న పేరిట ఉంది కాబట్టి మీకు ఆ రక్షణ లేదు. జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కూడా ఉండకపోవచ్చు, పే స్లిప్ చూడండి. మీ వయసు 50 దాటకపోతే బ్యాంకులో జీవన్ జ్యోతి జీవిత బీమా (ఏడాదికి 436), దాంతోపాటు సురక్ష ప్రమాద బీమా (ఏడాదికి 20) వెంటనే తీసుకోండి. మే చివర్లో ఖాతాలో ఆ 456 లేకపోతే రెండూ ఆగిపోతాయి. ఉద్యోగం మారి పాత జీతం ఖాతాను వదిలేసినవాళ్లకు జరిగేది ఇదే. అందుకే వాటిని ఊళ్లోని సొంత ఖాతాకు కలపండి, నామినీగా మీ భార్య పేరు రాయించండి.