ర్యామ్ పెంచాం, స్పీడ్ ఏది?

ప్రశ్న: సార్, మాది ఖమ్మంలో చిన్న ఫోటో స్టూడియో. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే సిస్టమ్‌లో ఐ5 8400 ప్రాసెసర్, బీ360 బోర్డు, 8 జీబీ 2400 ర్యామ్ ఉండేవి. పోయిన వారం 3200ది ఇంకో 8 జీబీ కొని పక్క స్లాట్‌లో నేనే పెట్టాను, ఇంకో రెండు స్లాట్లు ఖాళీగానే ఉన్నాయి. టాస్క్ మేనేజర్‌లో 16 జీబీ చూపిస్తోంది గానీ స్పీడ్ మాత్రం 2400 అనే ఉంది. ఎవరో చెబితే విండోస్‌లో ర్యామ్ స్పీడ్ కొలిచే విన్‌శాట్ మెమ్ కమాండ్ కొట్టి చూశా, సెకనుకి 15 వేల ఎంబీ దాకా వచ్చింది, అది తక్కువో ఎక్కువో అర్థం కాలేదు. కొత్త ర్యామ్ మార్పించేయనా?

జవాబు: వద్దండి, ర్యామ్ బాగానే ఉన్నట్టుంది, మీరు పెట్టిన స్లాటే తప్పు అనిపిస్తోంది. ముందు ఆ 3200 సంగతి చెప్పేస్తా. రెండు రకాల స్పీడ్‌లు కలిపి పెడితే రెండూ తక్కువదాని స్పీడ్‌లోనే నడుస్తాయి, పైగా మీ ప్రాసెసర్, బోర్డు 2666 దాటనివ్వవు, అంటే రెండూ 3200వి కొన్నా మీకు వచ్చేది 2666 మాత్రమే, దానికోసం ఇంకో రూపాయి కూడా పెట్టకండి.

అసలు స్పీడ్ పోతున్నది వేరే చోట. 2400 ర్యామ్ అంటే ఒక ఛానల్‌లో (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా వెళ్లే దారి) సెకనుకి 240 కోట్ల సార్లు, సారికి 8 బైట్ల చొప్పున డేటా వెళ్తుంది, లెక్కేస్తే 19.2 జీబీ. రెండు ఛానల్స్ పనిచేస్తే 38.4. టెస్టుల్లో లెక్క ప్రకారం పూర్తిగా రాదు, కొంత తగ్గుతుంది, అందుకే మీ 15 వేలు ఒక్క ఛానలే నడుస్తున్నట్టు చెబుతోంది. పక్కపక్క స్లాట్లు మామూలుగా ఒకే ఛానల్‌వి అయి ఉంటాయి. సీపీయూ-జెడ్ (ప్రాసెసర్, ర్యామ్ వివరాలు చూపించే ప్రోగ్రామ్) ఓపెన్ చేసి మెమరీ ట్యాబ్‌లో ఛానల్ దగ్గర సింగిలా డ్యూయలా చూడండి.

సింగిల్ అనుంటే సిస్టమ్ ఆపి, పవర్ వైరు పీకేసి, పవర్ బటన్ ఓ రెండు మూడు సెకన్లు నొక్కి, క్యాబినెట్ ఇనుము ఓసారి ముట్టుకుని, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టండి (బోర్డు మీద ఏ2, బీ2 అని చిన్న అక్షరాలు ఉంటాయి). స్టిక్ మధ్యలో ఉన్న గాటు స్లాట్‌లోని గట్టుకి సరిగ్గా కూర్చోవాలి, రెండు చివర్లా ఒత్తితే టక్‌మని క్లిప్ పడాలి, ఒకవైపే పడితే ఇంకా దిగలేదని అర్థం. తర్వాత అదే విన్‌శాట్ అన్నీ మూసేసి మూడుసార్లు కొట్టండి, నంబరు బాగా పెరగాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే డిస్‌ప్లే కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది.

ఒకటి మాత్రం దయచేసి మానకండి, స్పీడ్ కన్నా ఇదే ముఖ్యం. రాత్రి షాపు మూసేముందు పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 ప్లస్ (ర్యామ్‌లో లోపాలు వెతికే ప్రోగ్రామ్) వేసి, సిస్టమ్‌ని ఆ పెన్‌డ్రైవ్ నుంచే ఆన్ చేసి వదిలేయండి. పొద్దునకి ఒక్క ఎర్రర్ కనిపించినా స్టిక్స్ విడివిడిగా టెస్ట్ చేసి తప్పుడు దాన్ని వారంటీలో మార్పించండి, కస్టమర్ పెళ్లి ఫోటోలు సేవ్ అయ్యేటప్పుడు చెడిపోతే మళ్లీ తీయలేం కదా. ఇన్ని చేసినా ఫోటోషాప్ సేవ్ దగ్గరే నిలబడుతుంటే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం కొడుతోందేమో చూడండి, అప్పుడు కావాల్సింది ఎస్‌ఎస్‌డీ.

ప్రశ్న: 3200 ర్యామ్ కొంటే సీపీయూ-జెడ్‌లో 1596 చూపిస్తోంది. షాపులో మోసం చేశారా? (విజయవాడ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: లేదు, కంగారు పడకండి. డీడీఆర్ రకం ర్యామ్‌లో ఒక్కో క్లాక్‌కి (ఒక్కో టిక్కుకి) డేటా రెండుసార్లు వెళ్తుంది, సీపీయూ-జెడ్ క్లాక్‌నే చూపిస్తుంది, రెండుతో గుణిస్తే మీ 3200 వచ్చేసినట్టే. 1066 లేదా 1200 చూపిస్తే మాత్రం బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) ఆన్ చేసి, ఆ తర్వాత పైన చెప్పిన మెమ్‌టెస్ట్ ఓసారి నడపండి.