మేడమీదికి కొత్త వైరు: లోన్ తీసుకోవాలా, ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: హనుమకొండలో మాది పాత జీ ప్లస్ వన్ ఇల్లు. కింద మీటరు నుంచి మేడమీది డీబీకి (కరెంటును గదులకు పంచే బోర్డుకు) 4 స్క్వేర్ ఎంఎం వైరు ఉంది. దూరం 25 మీటర్లు. పైన అబ్బాయి వాళ్లు రెండు ఏసీలు, గీజరు, ఇండక్షన్ స్టవ్ పెట్టుకున్నాక 25 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ఆపేసే స్విచ్చు) మాటిమాటికీ ట్రిప్ అవుతోంది. 40 ఆంపియర్ల ఎంసీబీ వేస్తే చాలని ఒక ఎలక్ట్రీషియన్ అంటే, వైరుతో సహా అంతా మార్చడానికి 62,000 అవుతుందని ఇంకొకరు అన్నారు. 7 శాతం వడ్డీకి వేసిన మూడేళ్ల ఎఫ్‌డీ, 3 లక్షలు, ఇంకో 7 నెలల్లో చేతికొస్తుంది. అత్యవసరాలకు 1,20,000 పక్కన ఉంది, నెల ఖర్చు 35,000. బ్యాంకు 14 శాతానికి పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఒక్క మాట. ఇప్పుడున్న వైరుకు ఆ 40 ఆంపియర్ల ఎంసీబీ మాత్రం వేయించకండి. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడడానికి. ఒకటిన్నర టన్ను ఏసీలు రెండు కలిపి 3,400 వాట్లు, గీజరు 2,000, స్టవ్ 2,000, ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు ఓ 600. అన్నీ కలిపితే 8,000 వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 35 ఆంపియర్లు. గోడలో పైపులో నడిచే 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మన ఎండాకాలంలో 25 దగ్గరే ఆగాలి. 40 పెడితే ఎంసీబీ ట్రిప్ కాదు, లోపల ఇన్సులేషన్ మెత్తబడుతుంది. ఇప్పుడు ట్రిప్ అవుతోందంటే అది తన పని తాను చేస్తోందన్నమాట.

ఇక డబ్బు సంగతి. మీరు పంపిన ఎస్టిమేట్‌లో వైరుకు 17,000, డీబీ సామానుకు 9,000, గోడ చెక్కి ప్లాస్టరింగ్ చేయడానికి 14,000, కూలీ 10,000, కొత్త మాడ్యులర్ స్విచ్‌బోర్డులకు 12,000 ఉన్నాయి. స్విచ్‌బోర్డులకూ మీ సమస్యకూ సంబంధం లేదు, వాటిని తీసేయండి. మిగిలింది 50,000. వైరు దగ్గర మాత్రం పొదుపు చేయకండి. 6 స్క్వేర్ ఎంఎం వేసి కొన్ని వేలు మిగుల్చుకుంటే, రేపు మూడో ఏసీ వచ్చినప్పుడు గోడ చెక్కే ఖర్చు, కూలీ మళ్లీ మొదటి నుంచీ పెట్టాలి. 10 స్క్వేర్ ఎంఎం వేయించండి, దానికి 40 ఆంపియర్ల ఎంసీబీ సరిపోతుంది. ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ ఆ సైజే. కొసలతో కలిపి ఒక్కోటి 28 మీటర్లు, మొత్తం 84. 90 మీటర్ల కాయిల్ ఒకే రంగులో వస్తుంది కాబట్టి ఎరుపు, నలుపు, ఆకుపచ్చ మీటర్ల లెక్కన కొనండి. ఐఎస్ఐ గుర్తు చూసి, జీఎస్టీ బిల్లుతో మీరే కొనండి. మెట్ల పక్క గోడ మీదుగా పైపు బిగిస్తే ఎంతవుతుందో విడిగా అడగండి, చెక్కుడు ఖర్చు తగ్గుతుంది.

ఈ 50,000 కోసం పర్సనల్ లోన్ వద్దు. మొదటి ఎస్టిమేట్ 62,000 మూడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 2,120, మొత్తం వడ్డీ 14,300 దాకా పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు అదనం. ఎఫ్‌డీ ముందే తీసేయడమూ నష్టమే. 1 శాతం పెనాల్టీ అనుకున్నా గడిచిన 29 నెలలకు 7,250 పోతాయి. ఆ ఎఫ్‌డీ మీదే 50,000 అప్పు తీసుకోండి. 8 శాతమైతే 7 నెలలకు వడ్డీ 2,330. అదే 50,000 ఎఫ్‌డీలో 7 శాతం సంపాదిస్తూనే ఉంటుంది కనుక నికరంగా మీకు పడేది 300 రూపాయలు. ఎఫ్‌డీ వడ్డీపై పన్ను కట్టేవారైతే ఇంకొంచెం. అత్యవసర నిధిని ముట్టుకోనక్కర్లేదు.

సామాను కొనకముందే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసుకు వెళ్లి మీ శాంక్షన్డ్ లోడ్, అంటే మీ కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు, ఎంతో కనుక్కోండి. లోడ్ పెంచితే కిలోవాటు లెక్కన డెవలప్‌మెంట్ చార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి. పై 50,000లో ఇవి లేవు. త్రీ ఫేజ్ తీసుకోవాల్సి వస్తే మెయిన్ బోర్డు, వైరు లెక్క మారిపోతాయి. చాలామంది వైరు లాగించాక ఈ మాట తెలుసుకుని రెండోసారి ఖర్చు పెడతారు.

పై డీబీలో 40 ఆంపియర్ల, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పకుండా ఉండాలి. పాత ఇళ్లలో పై అంతస్తు న్యూట్రల్ ఎక్కడో కింది న్యూట్రల్‌తో కలిసి ఉంటుంది. అలా ఉంటే కొత్త ఆర్‌సీసీబీ నిలబడదు, దాన్ని వెతకడానికే ఒక రోజు కూలీ అదనంగా అడుగుతారు. ఆ పని కూడా ఇప్పుడు మాట్లాడే కూలీలోనే ఉందని కాగితం మీద రాయించుకోండి. కరెంటు బిల్లు తగ్గుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. లావు వైరుతో ఏడాదికి మిగిలేది 50 యూనిట్లకు అటూ ఇటూ.

పని అయ్యేదాకా ఏసీలు రెండూ నడుస్తున్నప్పుడు స్టవ్, గీజరు వేయొద్దని అబ్బాయి వాళ్లకు చెప్పండి. డీబీ దగ్గర కాలిన వాసన వచ్చినా, న్యూట్రల్ స్క్రూ నల్లబడి కనిపించినా ఆ రోజే మెయిన్ ఆపి చూపించండి. కూలీలో 2,000 మీ దగ్గరే ఉంచుకుని, వారం రోజులు పూర్తి లోడ్ మీద నడిచి, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ అవుతోందని మీ కళ్లతో చూశాక ఇవ్వండి.