గ్రాఫ్ మింగేసిన 25 జీబీ

ప్రశ్న: మా కార్యాలయంలోని లినక్స్ సర్వర్ నుంచి రోజూ అర్ధరాత్రి దాటాక బ్యాకప్ మరో యంత్రానికి వెళ్తుంది. అప్పుడు సర్వర్‌లో చూస్తే వేగం 700 ఎంబీపీఎస్ వరకు ఉంటోంది. ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ యంత్రాల స్థితిని దూరం నుంచి అడిగి తెలుసుకునే పద్ధతి) ద్వారా 5 నిమిషాలకోసారి లెక్క తీసుకునే గ్రాఫ్‌లో మాత్రం 13 ఎంబీపీఎస్ కూడా దాటడం లేదు. లినక్స్ లెక్క నమ్మవచ్చా? ఎస్‌ఎన్‌ఎంపీ సెట్టింగుల ఫైలు జతచేశాను.
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నమ్మవచ్చు. లినక్స్‌కు గుండెలాంటి కెర్నల్ సరిగానే లెక్కపెడుతోంది. మీ గ్రాఫ్ అడగకూడని కౌంటర్‌ను అడుగుతోంది. ఇదే ఫిర్యాదు ఊరి పేరు మార్చుకుని నాకు వస్తూనే ఉంది.

ఇఫ్‌అవుట్‌ఆక్టెట్స్ అనేది బయటికి వెళ్లిన బైట్లను లెక్కించే 32 బిట్ల కౌంటర్. సుమారు 429 కోట్ల బైట్లు, అంటే 4.29 జీబీ నిండగానే పాత స్కూటర్ మీటరులా మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. గిగాబిట్ లైను నిండుగా నడిస్తే అందుకు 34 సెకన్లు చాలు. మీరు లెక్క చూసేది 300 సెకన్లకోసారి. 700 ఎంబీపీఎస్ చొప్పున ఆ 5 నిమిషాల్లో 26.25 జీబీ వెళ్తుంది, కౌంటర్ 6 సార్లు తిరుగుతుంది. గ్రాఫ్‌కు ఆ 6 చుట్లూ తెలియవు. చివరికి మిగిలిన 0.48 జీబీని 300 సెకన్లకు పంచి 12.8 ఎంబీపీఎస్ అని గీస్తుంది. మీరు చూస్తున్న అంకె అదే.

ఇఫ్‌హెచ్‌సీఅవుట్‌ఆక్టెట్స్‌కు మారండి. అదే లెక్క చెప్పే ఈ కౌంటర్ 64 బిట్లది. గిగాబిట్ వేగంతో నిండాలంటే 4,600 ఏళ్లకు పైగా పడుతుంది. ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 1 దాన్ని మోయలేదు కాబట్టి 2సీ గానీ 3 గానీ కావాలి. 20 ఎంబీపీఎస్ దాటిన, నెట్‌వర్క్ కార్డులాంటి ఇంటర్‌ఫేస్‌లకు బైట్ల లెక్క 64 బిట్లలో ఉండి తీరాలని 2000లోనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2863 చెప్పింది. ఇన్నేళ్ల తర్వాత కూడా వెర్షన్ 1ను ముందే ఎంచి పెట్టే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌ను చూస్తే నాకు కోపం వస్తుంది. లెక్క కుదరనప్పుడు ఖాళీ గీత చూపినా మనిషి అనుమానించి వెతుకుతాడు. నమ్మదగినట్టు కనిపించే తప్పు అంకె చూపితే ఎవరూ వెతకరు.

ఇంకొకటి. నెలలో మొత్తం ఎంత డేటా వెళ్లిందో తెలుసుకోవడానికి అన్ని ఇంటర్‌ఫేస్‌లనూ కూడకండి. డాకర్ కంటైనర్ (సర్వర్‌లోనే విడిగా నడిచే సాఫ్ట్‌వేర్ గది) నుంచి బయటికి వెళ్లే ఒకే ప్యాకెట్ వీఈటీహెచ్‌లో, బ్రిడ్జిలో (ఈ రెండూ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే ఇంటర్‌ఫేస్‌లు), అసలు నెట్‌వర్క్ కార్డులో మూడు చోట్ల లెక్కకు వస్తుంది. వీపీఎన్‌లోనూ ఇదే తంతు. బయటికి వెళ్లే కార్డు ఒక్కటి చూస్తే చాలు.

మీ ప్రశ్నకు జవాబు అయింది. కానీ మీరు జతచేసిన ఫైలు చూశాక నన్ను కలవరపెట్టింది గ్రాఫ్ కాదు. అందులో కమ్యూనిటీ పేరు (ఎస్‌ఎన్‌ఎంపీలో పాస్‌వర్డ్‌లా పనిచేసే మాట) ‘పబ్లిక్’. ఎక్కడి నుంచి ఎవరు అడిగినా, ఏది అడిగినా జవాబివ్వమని రాసి ఉంది. ఎస్‌ఎన్‌ఎంపీ అభ్యర్థనలు వచ్చే యూడీపీ 161 పోర్టు ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంటే, బైట్ల లెక్కతో పాటు నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా, వేసిన సాఫ్ట్‌వేర్ల జాబితా, రూటింగ్ పట్టిక కూడా బయటివారు చదువుకోవచ్చు. ప్రాసెస్‌కు ఇచ్చిన ఆర్గ్యుమెంట్లు (కమాండ్ పక్కన రాసే వివరాలు) కూడా అందులో ఉంటాయి. మీ బ్యాకప్ స్క్రిప్టులో పాస్‌వర్డ్‌ను కమాండ్ పక్కనే రాసి ఉంటే, అది నడుస్తున్నంత సేపూ ఆ పాస్‌వర్డ్ కనిపించే ప్రమాదం ఉంది. పైగా వేరొకరి చిరునామాతో చిన్న అభ్యర్థన పంపి, మీ సర్వర్ చేత వారి మీదికి పెద్ద జవాబులు కుమ్మరించడం దాడి చేసేవారికి పాత విద్యే. ఎక్కడో దొరికిన ఫైలును చదవకుండా అతికించడం వల్ల జరిగే అనర్థం ఇది. దయచేసి ఈ రోజే సరిచేయండి: ఎస్‌ఎన్‌ఎంపీని లోపలి చిరునామాకే పరిమితం చేయండి, ఫైర్‌వాల్‌లో పర్యవేక్షణ యంత్రానికి మాత్రమే దారి ఇవ్వండి, పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ రెండూ పెట్టి వెర్షన్ 3 వాడండి. 2సీలో కమ్యూనిటీ పేరు ఏ ముసుగూ లేకుండా వైరు మీద వెళ్తుంది. ఆ స్క్రిప్టులోని పాస్‌వర్డ్ కూడా మార్చేయండి.

ఇక అసలు భయం. 5 నిమిషాల్లో మీ బ్యాకప్ 25 జీబీకి పైగా పంపినా గ్రాఫ్‌కు పట్టలేదు. అదే వేగంతో ఒక దొంగ పంపినా పట్టేది కాదు. 64 బిట్లకు మారాక కూడా సర్వర్ ఒక్కదాని మాట మీద ఆధారపడకండి. రూట్ అధికారం (సర్వర్ మీద పూర్తి హక్కు) చేజిక్కించుకున్నవాడు ఆ కౌంటర్ల చేత ఏ అంకె అయినా చెప్పించగలడు. సర్వర్ కేబుల్ వెళ్లే స్విచ్ (యంత్రాలను నెట్‌వర్క్‌లో కలిపే పెట్టె) పోర్టు నుంచి కూడా 64 బిట్ల లెక్క తీసుకుని పక్కపక్కన పెట్టండి. స్విచ్ ప్రతి ఫ్రేముకు (వైరు మీద వెళ్లే డేటా మూటకు) తప్పులు పట్టేందుకు చేర్చే చివరి 4 బైట్లను అదనంగా లెక్కించవచ్చు. బ్యాకప్‌లాంటి పెద్ద ఫ్రేముల్లో అది పావు శాతం. రాత్రి 2 గంటలకు స్విచ్ దానికంటే బాగా ఎక్కువ చూపితే, కేబుల్ తీసేసి ఆ తర్వాత నాకు రాయండి.