మా వాడు బ్యాండులో వాయిస్తాడు, ఫ్యాషన్ చదువుతానంటున్నాడు

ప్రశ్న: మాది రాజాం. నేను ఉపాధ్యాయుణ్ని. మా గుంటడు ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసయ్యాడు. విజయనగరంలో ఇంకో నలుగురితో కలిసి బ్యాండ్ పెట్టి బేస్ గిటార్ వాయిస్తున్నాడు. భుజాల దాకా జుట్టు, చెవికి పోగు, చిరుగుల జీన్స్, వదులు గళ్ల చొక్కా. ఏ ప్రోగ్రాంకి ఎవరు ఏం వేసుకోవాలో బ్యాండులో వీడే చెబుతాడట. ఇంజనీరింగ్ వద్దు, ఫ్యాషన్ స్టైలింగ్ నేర్చుకుని సింగర్లకీ బ్యాండ్లకీ పనిచేస్తానంటున్నాడు. వైజాగ్‌లో ఏడాది డిప్లొమా ఒకటి చూసుకొచ్చాడు. మొన్న కోపమొచ్చి సెలూన్‌కి లాక్కెళ్లి జుట్టు కత్తిరించేయించాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. బీటెక్ సీఎస్ఈ, నిఫ్ట్‌లో ఫ్యాషన్ డిగ్రీ, ఈ డిప్లొమా మూడూ పోల్చి చెప్పండి. ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నాం.

జవాబు: మాస్టారూ, మీరు కోర్సుల గురించి అడిగింది ఒక్క వాక్యం. మిగతా ఉత్తరమంతా జుట్టు, పోగు, ఊరు. కౌన్సెలింగ్ రోజులు వస్తే ఇలాంటి ఉత్తరాలు నాకు వరసగా వస్తాయి. కోర్సు పేరు మారుతుంది గానీ లోపలి భయం మాత్రం మారదు: పిల్లాడు చెయ్యి దాటిపోతున్నాడా? మీరు రాసినదాన్ని బట్టి దాటిపోవడం లేదు. మంచి మార్కులతో పాసయ్యాడు, నలుగురితో కలిసి ఒక పని నిలబెట్టాడు, మిగతావాళ్ల బట్టల సంగతి కూడా నెత్తినేసుకున్నాడు. ఇవి చెడిపోతున్న పిల్లాడి లక్షణాలు కావు. ఈ రాత్రికి మీరు టెన్షన్ లేకుండా నిద్రపోవచ్చు.

సెలూన్ సంగతి మాత్రం వదిలిపెట్టలేను. మీ బడిలో ఏ పిల్లాడి తండ్రైనా అలా చేస్తే మీరే పిలిపించి మందలించి ఉండేవారు. ఇంటర్ దాటిన కొడుకు ఒంటి మీద మీకు ఆ హక్కు లేదు. ఏ కోర్సు గురించి మాట్లాడాలన్నా ముందు వాడితో 'తప్పు చేశాను రా' అనండి. ఆ మాట అనకుండా నా సలహా వాడి ముందు పెడితే, అది నా సలహా అయినా మీ గదమాయింపు లాగే వినిపిస్తుంది.

ఊరు ఏమంటుందన్న బెంగకి మీ చుట్టుపక్కలే సమాధానం ఉంది. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టిన మనిషి. కాలికి గజ్జె కట్టి, మెడలో దండ వేసుకుని, చేత చిడతలు పట్టి హరికథ చెబుతుంటే జనం విన్నారు, చూశారు కూడా. మన జిల్లాల తప్పెటగుళ్లు చూడండి. రంగురంగుల బట్టలు, కాళ్లకి గజ్జెలు లేకుండా మగవాళ్లు ఆ ఆట ఆడితే ఎవరు నిలబడి చూస్తారు? ఇక చెవిపోగు. తంజావూరు వైపు నాదస్వర విద్వాంసులు రవ్వల కమ్మలు పెట్టుకునేవారు. టి.ఎన్. రాజరత్నం పిళ్లై కమ్మలు ఉంచుకుని, పిలక తీసేసి క్రాపు పెట్టుకుని, షేర్వానీ వేసుకుని వాయించారు. నాదస్వరం వాయించేవాడు చొక్కా లేకుండా ఒంగి ఉండాలన్న ఆనవాయితీ మీద ఆయన చేసిన పోరాటం అది. పాటగాడికి వేషం గౌరవానికి సంబంధించిన విషయం కూడా. మీ వాడికి దాని మీద ధ్యాస ఉండటంలో తప్పు నాకేమీ కనిపించదు.

నా అనుమానమంతా వాడు చెప్పే ఉద్యోగం మీదే. ఈ కింది రెండు పేరాలూ వాడి చేతే చదివించండి.

బాబూ, నువ్వు వేసుకునే గళ్ల చొక్కా, చిరుగుల జీన్స్ ఎక్కడివో నీకు తెలిసే ఉంటుంది. నిర్వాణ బ్యాండు గాయకుడు కర్ట్ కోబేన్ పుట్టిన ఆబర్డీన్ అమెరికాలో కలప కోసుకుని బతికే ఊరు. చలి ఎక్కువ, డబ్బు తక్కువ. దళసరి గళ్ల చొక్కా అక్కడ కూలివాళ్ల బట్ట, పాతబట్టల కొట్లో చౌకగా దొరికేది. దాన్ని ఏ స్టైలిస్టూ ఆ బ్యాండు వాళ్లకి ఎంచిపెట్టలేదు. ఆ వాలకాన్ని 1992లో మార్క్ జేకబ్స్ అనే డిజైనర్ పెర్రీ ఎల్లిస్ కంపెనీ తరఫున ర్యాంప్ ఎక్కిస్తే, ఆయన ఉద్యోగమే పోయింది. అదే కోబేన్ ఒక టీవీ కచేరీలో వేసుకున్న పాత స్వెటర్ 2019 వేలంలో 3,34,000 డాలర్లు పలికింది. ఆ ధర వచ్చింది పాట వల్ల. ఇంగ్లండ్ బ్యాండు బీటిల్స్ మొదట్లో జర్మనీలోని హాంబర్గ్‌లో తోలు జాకెట్లతో వాయించేవారు. 1962లో మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టైన్ వాళ్లకి సూట్లు వేయించాడు. ఆ సూట్లు కుట్టింది ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్‌లో బెనో డార్న్ అనే దర్జీ. అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ బట్టలు మెంఫిస్‌లో లాన్‌స్కీ సోదరుల కొట్లోవి. ఆ తర్వాత ఇంగ్లండ్ గాయకుడు డేవిడ్ బౌవీకి విచిత్రమైన దుస్తులు చేసిపెట్టిన జపాన్ డిజైనర్ కన్సాయ్ యమమోటో సొంతంగా డిజైన్ చేసి కుట్టించగల మనిషి. వీళ్లలో బట్ట మీద చెయ్యి ఉన్నవాళ్లెవరో, కేవలం 'ఇది వేసుకో' అని చెప్పినవాళ్లెవరో నువ్వే చూసుకో.

మన దగ్గర స్టైలిస్టుకి నెలనెలా డబ్బిచ్చే స్థోమత సినిమా హీరోలకి, పేరున్న కొద్దిమంది గాయకులకి మాత్రమే ఉంది. వేడుకల్లో వాయించే బ్యాండుకి పెట్రోలు, సౌండు బాక్సుల అద్దె పోను మిగిలేదే తక్కువ. హైదరాబాద్‌లో అసిస్టెంట్ స్టైలిస్టుగా చేరితే మొదట్లో చేసే పని షోరూముల నుంచి బట్టలు తేవడం, ఇస్త్రీ చేయడం, పిన్నులు పెట్టడం, షూటింగ్ అయ్యాక మరక పడకుండా తిరిగి ఇచ్చేయడం. పని ఉన్న రోజు డబ్బు, లేని రోజు లేదు. వచ్చిన డబ్బు కూడా ఆలస్యంగా వస్తుంది. పరిచయాలతోనే నడిచే రంగం ఇది. రాజాం నుంచి వెళ్లిన కుర్రాడికి ఆ పరిచయాలు ఏడాది డిప్లొమాతో రావు. వెళ్లొద్దని కాదు గానీ, కళ్లు తెరుచుకుని వెళ్లమంటున్నాను.

మాస్టారూ, ఆ డిప్లొమా ఫీజు కట్టేముందు ఒకసారి మీరే వెళ్లి చూడండి. గోడ మీద ప్లేస్‌మెంట్ ఫొటోలు వదిలేయండి. ఎన్ని కుట్టుమిషన్లు ఉన్నాయో, బట్ట పరిచి కత్తిరించే బల్లలు ఉన్నాయో లేదో చూడండి. పాఠం చెప్పేవాళ్లు ఎక్కడ పనిచేసి వచ్చారో అడగండి. గత బ్యాచ్‌లో నలుగురి ఫోన్ నంబర్లు అడిగి మాట్లాడండి. నంబర్లు ఇవ్వడానికి నసిగితే అక్కడినుంచే వెనక్కి వచ్చేయండి. పరీక్ష లేకుండా, డబ్బు కడితే చాలు సీటిచ్చే ఫ్యాషన్ కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ. అవి పిల్లల మోజు మీద బతుకుతున్నాయి.

నిఫ్ట్ వేరు. కేంద్ర జౌళి శాఖ కింద 1986లో మొదలైన సంస్థ, హైదరాబాద్‌లో క్యాంపస్ ఉంది, నాలుగేళ్ల బీడిజైన్. స్టైలింగ్ కావాలనుకునేవాడికి దగ్గరిది ఫ్యాషన్ కమ్యూనికేషన్. నన్నడిగితే మీ వాడు టెక్స్‌టైల్ డిజైన్ (బట్ట డిజైన్), నిట్‌వేర్ (అల్లిక దుస్తులు) కూడా చూడాలి, ఎందుకంటే ఉద్యోగాలు అటువైపే ఎక్కువ. అక్కడ చదివినవాళ్లలో చాలామంది చేరేది ఎగుమతి కంపెనీల్లో, ఆన్‌లైన్ బట్టల బ్రాండ్లలో. బ్యాండ్లకి పనిచేసేవాళ్లు అరుదు. మన వైపే అచ్యుతాపురంలో బ్రాండిక్స్ లాంటి పెద్ద దుస్తుల పరిశ్రమ ఉంది. అంటే బట్ట చదువు తిండి పెట్టని చదువు కాదు. ఖర్చు మాత్రం లక్షల్లోనే ఉంటుంది, లోను గురించి బ్యాంకుతో ముందే మాట్లాడుకోవాలి.

సీఎస్ఈ గురించి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇష్టం లేకుండా చేరి, రెండో ఏడాదికి బ్యాక్‌లాగులు పోగేసుకున్న పిల్లలు నా ముందు చాలామంది కూర్చున్నారు. మీ వాడికి లెక్కలంటే ఇష్టమే గానీ కంప్యూటర్ వద్దు అనుకుంటే, నిఫ్ట్‌లోనే బీఎఫ్‌టెక్ ఉంది. దుస్తుల తయారీ వైపు కోర్సు అది. ఇంట్లో ఎవరికీ ఆ పేరు తట్టి ఉండదు.

ఈ ఏడాది నిఫ్ట్ ప్రవేశాలు దాటిపోయాయి కాబట్టి తొందర లేదు. వాణ్ని విజయనగరంలో ఏదైనా డిగ్రీలో చేర్చండి, సంవత్సరం పోయిందన్న మాట రాదు, బ్యాండూ ఆగదు. ఈలోపు రాజాంలోనే మంచి టైలర్ దగ్గర సాయంత్రాలు కూర్చోబెట్టండి. పొందూరు మీకు ఎంతో దూరం కాదు. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని శుభ్రం చేసి సన్న నూలు వడికే ఊరు, ఏ ఫ్యాషన్ కాలేజీ వాళ్లైనా చూడాలనుకునే ఊరు. అక్కడ రెండు మూడు రోజులు ఉండి రమ్మనండి. ఆ ఖద్దరు తెచ్చి బ్యాండులో ఐదుగురికీ ఐదు చొక్కాలు వాడే కొలిచి, కత్తిరించి, కుట్టాలి. అవి వేసుకుని స్టేజీ మీద రెండు గంటలు వాయించాలి. గిటార్ బెల్టు కింద భుజం దగ్గర కుట్టు ఊడిందా, డ్రమ్స్ వాయించేవాడికి చంక పట్టేసిందా, చెమటకి రంగు దిగిందా, అన్నీ రాసుకోవాలి. విసుగు లేకుండా రెండోసారి సరిచేసి కుడితే వాడు నిఫ్ట్ పరీక్ష రాయాల్సిన కుర్రాడే, మీరు అడ్డు పడకూడదు. మొదటి చొక్కాకే వదిలేస్తే వాడికి ఇష్టమైనది వేసుకోవడమే, కుట్టడం కాదు. అదీ మంచి సమాచారమే. అప్పుడు డిగ్రీ కొనసాగిస్తూ హాయిగా బేస్ గిటార్ వాయించుకుంటాడు.

చొక్కాల బట్ట ఖర్చు మీరే పెట్టుకోండి. నిఫ్ట్ నోటిఫికేషన్ సాధారణంగా ఏడాది చివర్లో వస్తుంది. ఓబీసీ గానీ ఈడబ్ల్యూఎస్ గానీ రిజర్వేషన్ మీకు వర్తిస్తే, రాష్ట్రం వాళ్లిచ్చే మామూలు సర్టిఫికెట్ చాలదు, కేంద్ర ఫార్మాట్‌లోదే కావాలి. దానికి మండల ఆఫీసులో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.