హ్యాండ్‌బ్రేకు కేబుల్ కొనే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తాత అంబాసిడర్‌ని షెడ్డులోంచి బయటికి తీశావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. హ్యాండ్‌బ్రేకు ఎంత లాగినా పట్టడం లేదనీ, కేబుల్ నువ్వే మార్చుకుంటాననీ పెట్టిన మెసేజీ కూడా చూశాను. ఇలాంటివి ఫోన్లో చెబితే సగం గుర్తుండవు, అందుకే రాస్తున్నాను. పానా పట్టుకునే ముందు ఒకసారి మొత్తం చదువు.

అన్నిటికంటే ముందు, కేబుల్ కొనడానికి తొందరపడకు. హ్యాండ్‌బ్రేకు పట్టకపోతే అందరూ కేబుల్నే అనుమానిస్తారు. బండి కింద దూరి నట్టు నాలుగు చుట్లు బిగిస్తారు. రెండు రోజులు పడుతుంది, తర్వాత మళ్ళీ మామూలే. అసలు సంగతి వెనక చక్రాల బ్రేకు డ్రమ్ముల్లో ఉంటుంది. డ్రమ్ముని లోపలినుంచి ఒత్తి ఆపేవి షూలు, వాటి మీదుండే పట్టీ లైనింగు. లైనింగు అరిగేకొద్దీ షూకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ పెరుగుతుంది. లివరు లాగినప్పుడు ఆ లాగుడంతా ఖాళీ దాటడానికే సరిపోతుంది, షూని అదమడానికి మిగలదు. అందుకని షూ అడ్జస్ట్‌మెంటు ముందు, కేబుల్ అడ్జస్ట్‌మెంటు ఆఖర్న. సాలూరు లారీ షెడ్లలో పని నేర్చుకున్నప్పుడు నాకు మొదట నేర్పింది ఈ వరసే. లారీకైనా కారుకైనా ఇది మారదు.

బండిని చదునైన గచ్చు మీద పెట్టు. వెనక చక్రాలు లేపుతావు కాబట్టి ముందు చక్రాలకి రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టు. హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. అవి గాల్లో ఉంటే ఎంత మంచి హ్యాండ్‌బ్రేకైనా బండిని ఆపలేదు. జాకీ మీద నిలబెట్టి కిందకి దూరడం మాత్రం వద్దు. యాక్సిల్ కింద, కమాన్ల (వెనక పట్టీ స్ప్రింగుల) దగ్గర రెండు వైపులా స్టాండ్లు పెట్టి, బండిని అటూ ఇటూ ఊపి చూసి, కదలలేదన్నాకే దూరు. స్టాండ్లు లేకపోతే అద్దెకి తెచ్చుకో. ఇటుకలు పేర్చకు, బరువుకి పగిలిపోతాయి. పక్కింటి గుంటల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకు.

ఇప్పుడు లోపం ఎక్కడుందో పట్టుకోవాలి. విప్పేముందు కేబుల్ ఎక్కణ్ణుంచి ఎలా వెళ్ళిందో, ఏ క్లిప్పు ఎక్కడుందో ఫోన్లో ఫోటోలు తీసుకో. అంబాసిడర్‌లో మార్కులు, అంటే మోడళ్ళు, మారాయి, మధ్యలో ఎవరెవరో చేతులు పెట్టి ఉంటారు, కాబట్టి నీ బండిలో ఉన్నదే నీకు లెక్క. తర్వాత చక్రం వైపు చివర పిన్ను తీసి, కేబుల్ని చేత్తో లాగి చూడు. హాయిగా జారి వెనక్కి వెళ్తే కేబుల్ బానే ఉన్నట్టు. అప్పుడు డ్రమ్ము దగ్గరున్న లివరుని కదుపు. అది బిగుసుకుపోయి ఉంటే రోగం అక్కడ, కేబుల్ మార్చినా డబ్బు దండగే. దాన్ని విప్పి, తుప్పు తీసి, గ్రీజు పెట్టాలి. డ్రమ్ములోకి ఆయిల్ సీలు కారిందేమో కూడా చూడు. లైనింగు నూనెలో తడిస్తే ఏ అడ్జస్ట్‌మెంటూ పనిచేయదు. సీలూ లైనింగూ మార్చాల్సిందే. ఒక జాగ్రత్త, డ్రమ్ము లోపలి దుమ్ముని గాలి కొట్టి ఊదకు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పారెయ్.

కేబులే పోయిందనుకో, చూడగానే తెలుస్తుంది. చివర రబ్బరు తొడుగు చిరిగి, అందులోంచి ఎర్రటి తుప్పు పొడి రాలుతుంది. తీగ పోగులు ఒకటీ రెండూ తెగి పైకి లేచి వేలికి గుచ్చుకుంటాయి. మన భోగాపురం వైపు ఉప్పుగాలికి ఇది మరీ తొందరగా వస్తుంది. లివరు దింపినా చక్రం బరువుగా తిరుగుతూ, కాస్త దూరం పోయేసరికి డ్రమ్ము కాలిపోతుంటే, తీగ లోపల తుప్పుకి పట్టేసి వెనక్కి రావడం లేదని అర్థం.

2014లో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది కాబట్టి సరైన కేబుల్ కోసం కొంచెం తిరగాలి. పాతది పట్టుకెళ్ళి కొత్తదాని పక్కన పెట్టి చూడు. తీగ పొడవు, పైతొడుగు పొడవు, రెండు చివర్లూ మూడూ సరిపోవాలి. దొరక్కపోతే నమూనా ఇచ్చి చేయించుకో. అయితే చివర్లు మిషన్లో నొక్కి బిగించినవే తీసుకో, స్క్రూతో బిగించే క్లాంపు వద్దు. మోటార్‌సైకిల్ క్లచ్ వైరు వేసి సరిపెడతామంటే అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్.

బిగించడం పెద్ద పని కాదు. పట్టేసిన నట్లకి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలెయ్. కొత్త కేబుల్ సైలెన్సరు పైపుకీ, ప్రొపెల్లర్ షాఫ్టుకీ (వెనక చక్రాలని తిప్పే పొడవాటి రాడ్డుకీ) తగలకుండా పాత దారిలోనే తీసుకురా. కమాన్లు ఆడినప్పుడు సాగిపోకుండా కాస్త వదులుండాలి. పిన్నులకి గ్రీజు రాయి, స్ప్లిట్ పిన్నులు కొత్తవి వెయ్. పదీ పరకా దగ్గర కక్కుర్తి పడకు.

అడ్జస్ట్‌మెంటు దగ్గర మాత్రం ఓపిక కావాలి. లివరు పూర్తిగా దింపి, కేబుల్ నట్టు వదులు చేసి, ఒక్కో చక్రం దగ్గర షూలని డ్రమ్ము వైపు జరిపే అడ్జస్టరుని చక్రం ఆగిపోయేదాకా బిగించు. ఫుట్ బ్రేకు రెండు మూడుసార్లు తొక్కు, షూలు సర్దుకుంటాయి. మళ్ళీ అడ్జస్టరుని కొంచెం కొంచెం వెనక్కి తిప్పుతూ చక్రాన్ని చేత్తో తిప్పి, చెవి పెట్టి విను. షూ రాసుకునే చప్పుడు తగ్గి, చక్రం స్వేచ్ఛగా తిరిగిన చోట ఆపు. రెండు వైపులా అయ్యాకే కేబుల్. లివరు మూడు నాలుగు పళ్ళు లాగి ఉంచి, రెండు చక్రాలూ చేత్తో కష్టపడితే గానీ కదలనంత వరకు నట్టు తిప్పు. లాక్ నట్టు బిగించి, లివరు దింపి, రెండూ మళ్ళీ తేలిగ్గా తిరుగుతున్నాయో లేదో చూడు. తిరగకపోతే ఎక్కువ బిగించావు.

పరీక్ష ముందు చిన్న ఏటవాలు మీద, కాలు ఫుట్ బ్రేకు మీదే సిద్ధంగా ఉంచుకుని చెయ్. ఎగువమొహంగా ఒకసారి, దిగువమొహంగా ఒకసారి. అది నిలబడ్డాక ఎస్.కోట మీదుగా అరకు ఘాటు ఎక్కుదువుగాని. ఘాటులో ఆపినప్పుడు హ్యాండ్‌బ్రేకుతో పాటు గేరు కూడా వెయ్, చక్రాలకి దిమ్మలూ పెట్టు.

వానాకాలంలో బండి వారాల తరబడి కదలదనుకుంటే హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచకు. షూలు డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుపోతాయి. గేరులో పెట్టి చక్రాలకి దిమ్మలు పెడితే చాలు.

కొత్త కేబుల్ కొన్నాళ్ళు తిరిగాక కొద్దిగా సాగుతుంది. రెండు మూడు వందల కిలోమీటర్లు అయ్యాక మళ్ళీ ఒకసారి సరిచూడు. ఫోటోలు నాకు కూడా పంపు. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరం వస్తున్నాను. డ్రమ్ములు విప్పడం నేను వచ్చేదాకా ఆపగలిగితే ఆపు, ఇద్దరం కలిసి చేద్దాం. అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య