వేగంలో టూరింగ్ బైక్ ఎందుకు ఊగుతుంది?

కర్నూలు నుంచి అనంతపురం వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిపై, పెట్టెలు తగిలించిన బండి వేగం పెరిగాక ఒక రోజు పాములా మెలికలు తిరుగుతోందని, మరో రోజు నిలకడగా ఉంటోందని, కారణం ఏమిటని ఒకరు అడిగారు. దీన్ని వీవ్ అంటారు. బండి మొత్తం సెకనుకు సుమారు 2 నుంచి 4 సార్లు ఊగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ఊపును అణిచే గుణం తగ్గుతుంది. అప్పుడు లారీ వెనుక సుడిగాలో, పక్కగాలో, వంతెన అతుకో తగిలితే చాలు. ఆ తాకిడి రోజూ ఒకేలా ఉండదు, అందుకే అంతుపట్టదు.

నా మొదటి అనుమానం టాప్ బాక్స్ (సీటు వెనుక పైన బిగించే పెట్టె) మీదే. వెనుక ఇరుసు దాటి, ఎత్తున ఉన్న బరువు చాలా ప్రమాదకరం. బరువైనవి పక్కపెట్టెల అడుగున సర్దండి. టైర్లలో గాలి, అరుగుదల, స్టీరింగ్, స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే భాగం) బేరింగులు మెకానిక్‌కు చూపించండి. ఊపు మొదలైతే హ్యాండిల్ బిగించకండి, బ్రేకు గట్టిగా నొక్కకండి. థ్రాటిల్ మెల్లగా తగ్గించండి.