లివర్ యాక్షన్ రైఫిల్‌కి స్కోప్ పెట్టుకునే మేనల్లుడికి

అల్లుడూ,

మార్లిన్ 336 తీసుకున్నావు, ట్రిగ్గర్ కింది లివర్‌ని ఆడించి తూటా మార్చే రైఫిల్, బాగుంది. దాని మీదకి 4-16 పవరు (4 నుంచి 16 రెట్లు పెద్దగా చూపేది), ముందు అద్దం 50 మిల్లీమీటర్ల స్కోప్ (గురి చూసే దుర్భిణి) ఒకటి కార్ట్‌లో పెట్టుకుని నన్ను అడుగుతున్నావు చూడు, అది మాత్రం కొనకు. నీ డబ్బు నీ ఇష్టమే గానీ, ఆ స్కోప్ ఎక్కడో దూరాన పెట్టిన ఇనప పలకలు కొట్టేవాళ్ళ కోసం. నువ్వు పోయేది టెక్సాస్ హిల్ కంట్రీలో సెడార్, ఓక్ చెట్ల మధ్యకి.

ముందు కాయితాల సంగతి. నీకు గ్రీన్ కార్డు వచ్చింది గానీ నీ రూమ్మేట్ ఇంకా హెచ్1బి మీదే ఉన్నాడన్నావు. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి, అవి అతనికి వర్తిస్తాయో లేదో తేల్చాల్సింది లాయరు, నువ్వూ నేనూ కాదు. అందాకా గన్ సేఫ్ తాళం నీ దగ్గరే ఉండాలి, "ఒకసారి పట్టుకుని చూస్తా" అన్నా ఇవ్వకు. నీ వయసు వాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి, అదీ సీజన్ ముందే అవగొట్టు.

స్కోప్ పెట్టుకోవాలంటే మార్లిన్ మంచి ఎంపికే. జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన వించెస్టర్ 1894 అందమైన తుపాకీ, కాదనను, కానీ పాతవి పేలిన తూటా ఖాళీ కేసుని (ఇత్తడి గొట్టాన్ని) నిట్టనిలువుగా పైకి విసురుతాయి. పైన నడి మధ్యలో స్కోప్ ఉంటే కేసు వెళ్ళి దానికే కొట్టుకుంటుంది. 1980ల్లో కేసు పక్కకి పడేలా మార్చారు, దాన్ని యాంగిల్ ఈజెక్ట్ అంటారు. అంతకు ముందువి ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా స్కోప్ కోసమైతే వద్దు. 1948లో వచ్చిన 336కి రిసీవర్ (బోల్ట్, ట్రిగ్గర్ ఉండే నడిమి ఇనప పెట్టె) పైన మూసి ఉంటుంది, కేసు కుడి పక్కకి పోతుంది, ఇప్పుడు రూగర్ వాళ్ళు తయారు చేస్తున్నవీ అంతే.

ఇక పవరు. నీ రైఫిల్‌లో వాడే థర్టీ థర్టీ తూటా 1895 నాటిది. 150 గజాల్లోపు జింకకి దివ్యంగా సరిపోతుంది, 200 దాటితే తూటా బాగా కిందికి జారుతుంది. ఆ మాత్రం దూరానికి 16 పవరు ఎందుకురా? పవరు పెంచే కొద్దీ కనబడే మేర తగ్గిపోతుంది. 40 గజాల్లో అడవిపంది పొదలోంచి బయటికొస్తే నీ స్కోప్‌లో కనబడేది బొచ్చు ఒక్కటే, అది ముందు బొచ్చో వెనక బొచ్చో తేలేలోపు పంది ఉండదు. 1-4 గానీ 1.5-5 గానీ చూడు, మహా అయితే 2-7. నేనైతే 2-7ని 2 మీద పెట్టి వదిలేస్తా, తీరిగ్గా నిలబడ్డ జింక కనిపిస్తే అప్పుడు తిప్పుకుంటా.

చిన్న అద్దమైతే సాయంత్రం వెలుతురు చాలదేమోనని నీ అనుమానం. లెక్క నువ్వే వేసుకో, ఇంజనీరువి కదా: ముందు అద్దం వ్యాసాన్ని పవరుతో భాగిస్తే కంటిలోకి వచ్చే వెలుగు వెడల్పు వస్తుంది. 32 మిల్లీమీటర్ల అద్దం 4 పవరు మీద ఉంటే 8 మిల్లీమీటర్లు. చీకట్లో కుర్రాళ్ళ కంటిపాప తెరుచుకునేదే సుమారు 7, నా వయసుకి అదీ ఉండదు. మిగిలిన వెలుగు వృథాయే. పైగా టెక్సాస్‌లో సూర్యుడు అస్తమించాక అరగంట దాటితే జింకని కొట్టకూడదు.

పెద్ద అద్దంతో అసలు ఇబ్బంది ఎత్తు. అది బ్యారెల్‌కి తగలకుండా స్కోప్‌ని పట్టి ఉంచే రింగులు ఎత్తుగా వెయ్యాలి, లివర్ గన్ మడమేమో ఐరన్ సైట్స్ (అద్దాల్లేని మామూలు గురి గుర్తులు) కోసం కిందికి చెక్కి ఉంటుంది. అప్పుడు చెంప ఆనదు, గడ్డం కర్ర మీద పెట్టి కొంగలా మెడ సాచి చూడాలి. స్కోప్ ఎంత కిందికి కూర్చుంటే అంత మంచిది, వెనక సైటు అడ్డమైతే మడిచెయ్యి లేదా తీసెయ్యి. అసలు స్కోప్ లేకుండా పీప్ సైట్‌తోనే (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది) వేటాడేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, చత్వారం వచ్చి ముందు సైటు మసకబారేదాకా నేనూ అంతే. నీ కళ్ళు బాగుంటే అదీ ఆలోచించు.

కొనేటప్పుడు ఐ రిలీఫ్ చూడు, అంటే వెనక అద్దానికీ కంటికీ మధ్య ఉండాల్సిన దూరం. మూడున్నర అంగుళాలకి తగ్గకూడదు, నాలుగుంటే నిశ్చింత. థర్టీ థర్టీ తన్ను పెద్దదేం కాదు, అయినా తేలికైన రైఫిల్, ఏటవాలు నేల మీద కూర్చుని పైకి గురి పెడితే కన్ను తెలియకుండానే ముందుకి జరుగుతుంది, కనుబొమ్మ చిట్లుతుంది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు, మిగతావన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు. స్కోప్ బిగించాక దాని వెనక భాగం హ్యామర్ (పేల్చే ముందు బొటనవేలితో వెనక్కి ఎత్తే సుత్తి) మీదకి వస్తుంది, బొటనవేలు సరిగా దూరదు. అందుకని హ్యామర్‌కి పక్కకి పొడుచుకొచ్చే చిన్న ఎక్స్‌టెన్షన్ దొరుకుతుంది, అది వేసుకో, దాని బుల్లి స్క్రూ వదులవుతుంటుంది, చూసుకుంటూ ఉండు. హ్యామర్ ఎత్తడం దాంతో తేలికే. చిక్కంతా దించడంలో. జింక కనిపించింది, ఎత్తావు, అది వెళ్ళిపోయింది, లోపల తూటా ఉంది, చలికి వేళ్ళు కొయ్యబారాయి, పైగా గ్లవ్స్. పక్కనుంచి పట్టు కాబట్టి వేలు జారిందంటే తుపాకీ పేలుతుంది. కాబట్టి ముందు మూతిని ఎవరూ లేని వైపు నేలకి తిప్పు. నీ దానికి క్రాస్ బోల్ట్ సేఫ్టీ (హ్యామర్ పడ్డా పేలకుండా ఆపే అడ్డ బొత్తం) ఉంటే అది నొక్కు. హ్యామర్‌ని గట్టిగా పట్టుకున్నాకే ట్రిగ్గర్ ముట్టుకో, హ్యామర్ కాస్త కదలగానే ట్రిగ్గర్ వదిలెయ్, అప్పుడు అది హాఫ్ కాక్ (సగం ఎత్తిన) మెట్టు మీద ఆగుతుంది. తొందరేం లేదు, జింక ఎలాగూ పోయింది. తూటాలు వేరే గదిలో పెట్టి, ఖాళీ తుపాకీతో, గ్లవ్స్ వేసుకుని, చూడకుండా చెయ్యగలిగేదాకా ఇంట్లో ప్రాక్టీస్ చెయ్యి. అప్పటిదాకా నీతో వేటకి రాను.

బిగించే పని ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఛాంబర్ ఖాళీ చేస్తే సరిపోదు, బ్యారెల్ కింద తూటాలు నిలవుండే ట్యూబ్ మ్యాగజీన్‌లో ఒక తూటా ఇరుక్కుని ఉండొచ్చు, కళ్ళతో చూసి నిర్ధారించుకో. 336కి వీవర్ 63బి అని రింగులు కూర్చునే ఒకే ముక్క బేస్ వస్తుంది, చవక, ఖరీదైనవాటికి పెద్దగా తీసిపోదు. రిసీవర్ పైన స్క్రూ రంధ్రాల్లో నూనె ఉంటుంది, ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడువు. బేస్ స్క్రూలకి నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) చిన్న చుక్క వెయ్యి, ఎర్రది వద్దు, తర్వాత ఊడదు. ఎంత బిగించాలో బేస్, రింగులు చేసినవాళ్ళు అంగుళం పౌండ్లలో రాసి ఇస్తారు, మామూలుగా 15 నుంచి 20 మధ్య ఉంటుంది. చేతి అంచనాతో బిగిస్తే మనవాళ్ళు రింగుతో స్కోప్ గొట్టాన్నే నొక్కేస్తారు.

స్కోప్‌ని రింగుల్లో వదులుగా ఉంచి, వేటకి వేసుకునే జాకెట్టే వేసుకుని, కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికెత్తు. చెంప హాయిగా ఆనాక కళ్ళు తెరు. అంచుల్లో నల్లటి నీడ కనిపిస్తే స్కోప్‌ని ముందుకో వెనక్కో జరుపు, మెడని కాదు. పవరు ఎక్కువ మీద పెట్టి ఇది చూడు, ఐ రిలీఫ్ అక్కడే బిగుసుగా ఉంటుంది. క్రాస్ హెయిర్ (స్కోప్‌లో కనిపించే అడ్డ, నిలువు గీతలు) నిలువు గీత కోసం ఎదురుగా దారానికి బరువు కట్టి వేలాడదీసి సరిచూసుకో. రింగు స్క్రూలు ఒకదాని తర్వాత ఒకటి, రెండు పక్కలా సందు సమానంగా ఉండేలా బిగించు. చివర్లో లివర్ పూర్తిగా ఆడించి, హ్యామర్ ఎక్కడా స్కోప్‌కి రాసుకోవట్లేదని చూడు.

మార్లిన్‌లో ఇంకో సుఖం ఉంది: లివర్ స్క్రూ ఒక్కటి విప్పితే లివర్, బోల్ట్ బయటికొస్తాయి, వెనకనుంచి బ్యారెల్‌లోకి సూటిగా చూడొచ్చు (ఈజెక్టర్ అనే చిన్న ముక్క జారి కింద పడుతుంది, కింద బట్ట పరుచుకో). రైఫిల్‌ని కదలకుండా ఆనించి, బ్యారెల్‌లోంచి కనిపించే గుర్తు మీదకే క్రాస్ హెయిర్ తెచ్చుకుంటే రేంజిలో మొదటి తూటాయే కాయితం మీద పడుతుంది. మొదలు 25 గజాల దగ్గర పెట్టు. స్కోప్ మీటవి పావు ఎంఓఏ (ఒక ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర సుమారు అంగుళం) క్లిక్కులైతే అక్కడ అంగుళం జరపడానికి 16 క్లిక్కులు, 100 గజాల దగ్గర నాలుగే. చివరికి 100 గజాల దగ్గర రెండు అంగుళాలు పైన పడేలా ఉంచు, 150 దాకా లెక్కలు లేకుండా కొట్టొచ్చు. ముందు కర్రని రిసీవర్ దగ్గరే ఆనించు, మ్యాగజీన్ ట్యూబ్‌ని ఆనిస్తే తూటా పడేచోటు మారుతుంది. మూడేసి కాల్చి బ్యారెల్ చల్లారనివ్వు. మూడు తూటాలూ రెండు మూడు అంగుళాల్లో పడితే చాలు, ఇంకా దగ్గరగా రావాలని పెట్టెలు ఖాళీ చెయ్యకు. 150 గ్రెయిన్ల (గుండు బరువు) తూటాతో గురి కుదుర్చుకుని 170తో వేటకి పోకు, ఒకే రకం వాడు. ట్యూబ్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి కాబట్టి మొన బల్లపరుపుగా ఉన్నవో, హోర్నడీ వాళ్ళ మెత్తటి మొనవో మాత్రమే. గట్టి సూది మొనవి వేస్తే ముందు తూటా ప్రైమర్‌కి (వెనక ఉండే, కొడితే అంటుకునే మందుబిళ్ళకి) గుచ్చుకుని లోపలే పేలొచ్చు.

టార్క్ డ్రైవర్ (బిగింపు కొలిచే స్క్రూడ్రైవర్) కొనకు, నా దగ్గరుంది. శనివారం వచ్చి పట్టుకెళ్ళు.

మీ మామయ్య